కిరీటం మీది బొడిపె

రాజీవ్ ఫోన్‌లో ఎవరితోనో హిందీ మాట్లాడుతున్నాడు. ప్రభావతికి హిందీ రాదు. అయినా అవతలి మనిషి తన కొడుకును తిడుతున్నాడని ఆమెకు తెలిసిపోయింది. మొదట్లో గట్టిగానే జవాబిచ్చినవాడు కాసేపటికి "సర్, సర్" అనడం మొదలుపెట్టాడు. ఇంకాసేపటికి ఆ సర్ కూడా మానేసి, వరండాలో మిరపకాయల బస్తాలకు చేరగిలబడి ఊరికే వింటూ నిలబడ్డాడు.

వాడు ఫోన్ పెట్టేసేలోపు ప్రభావతి మనసులో జరగాల్సినవన్నీ జరిగిపోయాయి. పోలీసు జీపు వచ్చి గురజాల బజార్లో ఆగింది. వాణ్ణి ఎక్కించుకుపోయారు. కోర్టు వరండాలో వాడు తలవంచుకొని నిలబడ్డాడు. బెయిలు రాలేదు. నాదెండ్ల సంబంధం వాళ్ళు మధ్యవర్తి చేత కబురంపి తప్పుకున్నారు. ఆమె చేతిలో కందిపప్పు చాట మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆమె ఇలాగే బతుకుతోంది. భర్త బ్రహ్మయ్య గుంటూరు మిర్చి యార్డుకు వెళ్తే లారీ కింద పడ్డాడు. కొడుకు నాగార్జునసాగర్ చూడ్డానికి వెళ్తే కాలవలో కొట్టుకుపోయాడు. సాయంత్రానికి ఇద్దరూ నవ్వుకుంటూ ఇంటికొచ్చి అన్నం పెట్టమనేవాళ్ళు. అందుకామె ఏనాడూ ఊరట పడలేదు. ఈసారికి తప్పిపోయింది, అనుకునేది అంతే.

"ఏందిరా? ఎవురాయన?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే మొహం అట్టా సున్నం కొట్టినట్టు అయిద్దా? చెప్పు. నేను ఊహించుకునే దానికంటే నువ్వు చెప్పేదే నయంగా ఉంటది."

అది నిజమని వాడికి తెలుసు. వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

రాజీవ్ చదివింది ఇంజినీరింగు. చేసే పని మాత్రం చుట్టాలకు చెబితే ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకునే రకం. మిలిటరీలో చేసి వచ్చినవాళ్ళ ఇళ్ళు ఎక్కడున్నాయో వాకబు చేసుకొని బండి మీద మాచవరం, నడికుడి, కారెంపూడి అన్నీ తిరుగుతాడు. ఆ ఇళ్ళల్లో పెట్టెల అడుగున పడున్న పాత టోపీ బిళ్ళలు, భుజాల మీది ఇత్తడి అక్షరాలు, గుండీలు కొంటాడు. వాటిని ఫొటోలు తీసి, ఏ బిళ్ళ ఏ పటాలానిదో, ఏ కాలానిదో రాసి, సేకరించే సరదా ఉన్నవాళ్ళకు ఫోన్లోనే అమ్ముతాడు. చచ్చిపోయినవాళ్ళ వస్తువులతో వ్యాపారమేందని ప్రభావతి మొదట్లో నిద్రపోలేదు. తర్వాత తర్వాత, కొన్నవాళ్ళు రాసిన మాటలు వాడు చదివి వినిపిస్తుంటే కొంచెం కుదుటపడింది. "గురజాల రాజీవ్ దగ్గరైతే కళ్ళు మూసుకొని కొనొచ్చు" అని ఎక్కడో అస్సాంలో ఉన్నాయన రాశాడు. ఆ మాట ఆమె చాలామందికి చెప్పుకుంది.

"పూణేలో ఒక రిటైర్డు మేజరు ఉన్నాడమ్మా. పోయిన నెల ఆయనకొక బిళ్ళ అమ్మాను. అది దొంగదంట. బిళ్ళలు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఉండే ఫోన్ గ్రూపులో పెట్టాడు. నేను తెలిసే అమ్మానంటన్నాడు. కేసు పెడతాడంట."

"దొంగదా? దొంగతనం చేసి తెచ్చిందా?"

"కాదమ్మా. నకిలీది. ఈ మధ్య ఎవరో కొత్తగా చేసి, పాతదని అమ్ముతన్నారు."

"మరి అసలుదేనా నువ్వమ్మింది?"

రాజీవ్ లేచాడు. లోపలికి వెళ్ళి ఒక బిళ్ళ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అదే రకంది ఇంకొకటి వాడి దగ్గర మిగిలి ఉంది. పైన కిరీటం, కింద తీగలు, మధ్యలో పటాలం పేరు ఇంగ్లీషులో. గాట్ల సందుల్లో ఆకుపచ్చ చిలుము.

"మేజరు చెప్పాక భూతద్దం పెట్టి మళ్ళీ చూశా. ఆయన చెప్పింది నిజమే. అసలు బిళ్ళని రేకు మీద అచ్చు గుద్ది చేసేవాళ్ళు. ఇది కరిగించి పోతపోసింది. ఇదిగో, వెనక చూడు. ఇడ్లీ మీద ఉన్నట్టు సన్నసన్న చిల్లులు. అంచులు కూడా మొద్దుగా ఉన్నయి."

"ఇంత తెలిసినోడివి కొనేటప్పుడు చూసుకోలేదా?"

"చూసుకున్నానమ్మా! చూసుకునే మోసపోయా. చిల్లుల మీద చిలుం కమ్మేసి ఉంది, కనపడలా. పైగా..." రాజీవ్ కిరీటం కొస మీద వేలు పెట్టాడు. "ఇదిగో ఇక్కడ, ఆవగింజంత బొడిపె. కనపడతందా? దీన్ని చూసి నమ్మేశా. మన తాత బిళ్ళ మీద కూడా సరిగ్గా ఇక్కడే ఉంది. ఆ కార్ఖానా అచ్చులో ఉన్న గుర్తేమో అనుకున్నా. మన తాతది ఎటూ అసలుదే కదా, దానికున్నట్టే దీనికీ ఉందంటే ఇదీ అసలుదే కదా అని. గ్రూపులో కూడా పెట్టా. ఎర్రగీతతో సున్న చుట్టి, ఈ బొడిపె ఉంటే కళ్ళు మూసుకొని కొనుక్కోండని రాశా. చానామంది మెచ్చుకున్నారు."

ప్రభావతి తలెత్తి చూసింది. ఎదురుగా గోడ మీద, అద్దాల ఫ్రేములో, రామకోటయ్య తాత ఫొటో కింద ఆయన టోపీ బిళ్ళ ఉంది. బ్రహ్మయ్యకు తాత ఆయన. బర్మా యుద్ధానికి వెళ్ళి తిరిగొచ్చినవాడు.

"ఒరేయ్. అది కార్ఖానా గుర్తు కాదు. ఆ బొడిపె నేను పెట్టించింది."

"నువ్వా?"

"నువ్వు పసిబిడ్డప్పుడు నిద్దట్లో ఉలిక్కిపడి ఏడ్చేవాడివి. నాకు భయమేసింది. మీ నాయనమ్మ వీరరాఘవమ్మ, 'మా మామ ఫిరంగులు పేల్తున్నా బెదరలేదే, ఆయన బిళ్ళ మొలతాడుకి కట్టు, బిడ్డ బెదరడు' అంది. కంసాలి చేత కిరీటం కొసన బొక్క వేయించి కట్టా. నువ్వు దాన్ని నోట్లో పెట్టుకొని పెదవి కోసుకున్నావు. నెత్తురు చూసి నేను మళ్ళీ కంసాలి దగ్గరికి పరిగెత్తా. ఆ బొక్క టంకంతో పూడ్పించా. సాపు చెయ్యమంటే చేశాడు గానీ, కాస్త బొడిపె మిగిలింది. అది ఇంకో బిళ్ళ మీద ఉండదురా. లోకంలో ఏ బిళ్ళ మీదా ఉండదు."

రాజీవ్ చేతిలో బిళ్ళ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. లేచి వెళ్ళి ఫ్రేము దించాడు.

వెనక అట్టకు కొట్టిన మేకులు ఊడదీసి బిళ్ళను బయటికి తీశారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, దొంగది వెంట్రుకవాసి చిన్నగా ఉంది. "పోతపోసింది ఆరేటప్పుడు కుంచించుకుపోయిద్ది" అన్నాడు రాజీవ్. తాత బిళ్ళను తిప్పాడు. వెనక టోపీకి తగిలించే కొంకి సందులో నీలంగా ఏదో ఇరుక్కొని ఉంది. సూదితో లాగాడు. రబ్బరు పీలిక.

"అచ్చు తీసే రబ్బరమ్మా ఇది" అన్నాడు వాడు, గొంతు తగ్గించి.

ఆ బిళ్ళ ఇల్లు దాటి వెళ్ళింది ఒక్కసారే. పోయిన ఆగస్టు పదిహేనుకు మిలిటరీవాళ్ళ కుటుంబాలకు సన్మానం జరిగింది. చేయించింది ధనుంజయరావు. నరసరావుపేటలో అతనికి షీల్డులు, కప్పులు, జ్ఞాపికలు చేసే కొట్టు ఉంది. ప్రభావతికి వరసకు అన్న. ఏ పార్టీ వచ్చినా అతని ఫ్లెక్సీ ఊరి మొదట్లో ఉంటుంది. తాత బిళ్ళకు అద్దాల ఫ్రేము కట్టించి ఇస్తానని తీసుకెళ్ళి, చాలా రోజులు ఉంచుకొని, స్వయంగా కార్లో తెచ్చి గోడకు తగిలించి, ఫొటో దిగి వెళ్ళాడు.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇద్దరికీ తోచింది ఒకటే పేరు.

"ఇవి ఎవురి దగ్గర కొన్నావు?"

"మాచర్లలో, గులాం మొహిద్దీన్ దగ్గర."

"బండి తియ్యి."

గులాం మొహిద్దీన్‌ది మాచర్లలో పాత సామాన్ల కొట్టు. ఇత్తడి బిందెలు, విరిగిన ఫ్యాన్లు, మోటారు పంపుల మధ్య చిన్న స్టూలు మీద కూర్చుని ఉంటాడు. ప్రభావతిని చూసి లేచి ఆ స్టూలు ఆమెకిచ్చాడు. విషయం విన్నాక గడ్డం నిమురుకున్నాడు.

"తల్లీ, నేను ఇత్తడి తూకానికి కొనేవాణ్ణి. నీ కొడుకొచ్చి పరిచయమయ్యాకనే ఇట్టాంటివాటికి విలువుంటదని తెలిసింది. దాన్ని పట్టుకొని మోసం చేసేవాణ్ణి కాదు."

"నిన్నేమీ అనట్లేదు అన్నా. నీకెవురిచ్చారో చెప్పు చాలు."

"ధనుంజయరావు కొట్లో పనిచేసే కుర్రాడు తెచ్చాడు. ఎక్కడో పాత ఇల్లు పడగొడితే గోడలో దొరికినయ్యన్నాడు. రాజీవ్ అనే ఆయన నీ దగ్గరికొస్తాడంటగా, ఆయనకి చూపించు అని కూడా అన్నాడు." మొహిద్దీన్ రాజీవ్ వైపు తిరిగాడు. "నీ పేరు తెలిసే పంపారు అబ్బాయ్. నీ నోటి మీదుగా అమ్మితే అసలుదని నమ్ముతారని."

 రాజీవ్ బండి తాళాలు తీసుకొని నరసరావుపేట వెళ్తానని లేస్తే, ప్రభావతి చెయ్యి పట్టుకొని ఆపింది. వాడు వెళ్తే ఏం జరుగుతుందో ఆమె కళ్ళకు కట్టింది. షీల్డులు పగుల్తాయి. తలకాయలు కూడా.

"ఈ మాట నలుగురిలో చెప్తావా అన్నా?" అని మొహిద్దీన్‌ను అడిగింది.

"పిలిచి అడిగితే అబద్ధం చెప్పను. నా అంతట నేను పోయి చెప్పను. నాకూ కొట్టుంది, పిల్లలున్నారు తల్లీ."

ఆ జవాబు ఆమెకు నచ్చింది. ఎంత మాటైతే నిలబెట్టుకోగలడో అంతే అన్నాడు.

మర్నాడు ఆమె ఒక్కతే నరసరావుపేట బస్సెక్కింది. బ్రహ్మయ్య వద్దన్నాడు. "ధనుంజయతో పెట్టుకొని ఈ చుట్టుపక్కల బతకగలమా? ఆ మేజరుకి డబ్బులు వెనక్కిచ్చేస్తే పోయిద్దిగా" అన్నాడు. "డబ్బులు పోతయి. దొంగ అన్న మాట ఎట్టా పోయిద్ది?" అని ఆమె చెప్పులేసుకుంది. దారిపొడుగునా ధనుంజయరావు ఏమంటాడోనన్న భయమే. బస్సు తిరగబడుతుందేమోనన్న భయం కూడా దానికి తోడు.

కొట్టు నిండా బంగారు రంగు కప్పులు, శాలువాల కట్టలు, గాజు మీద చెక్కిన దేవుళ్ళు. ధనుంజయరావు తెల్లచొక్కా నలక్కుండా కూర్చుని ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆమెను చూసి ఫోన్ పక్కన పెట్టాడు.

"ఏమ్మా ప్రభావతీ, కబురైనా లేకుండా! బావ రాలేదా? రాజీవ్ పెళ్ళి ముహూర్తాలు పెట్టించారా ఏంది? ఒరేయ్, చెల్లెమ్మకి మజ్జిగ తెండి."

ఆమె కొంగు ముడి విప్పి రెండు బిళ్ళలూ అద్దం బల్ల మీద పెట్టింది.

"ఇందులో మా తాతగారిది ఏదో చెప్పు అన్నయ్యా."

అతను వాటి వైపు చూసీచూడనట్టు చూశాడు. "రెండూ ఒకేలా ఉన్నయ్యే."

"ఉండవా మరి? దీని కడుపున పుట్టిందేగా అది."

మజ్జిగ తెచ్చిన కుర్రాణ్ణి, ఇంకొకణ్ణి అతను కళ్ళతోనే బయటికి పంపించాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

"బొమ్మలమ్మా అవి. నాటకాలాడేవాళ్ళు, బళ్ళో వేషాలేసే పిల్లలు అడుగుతుంటారు. నాలుగు చేయించా. నేను బొమ్మలుగానే ఇచ్చా. వాటిని అసలువని లోకానికి చెప్పి అమ్మింది నీ కొడుకు. చదువుకున్నోడు, వాడికి తెలియాలిగా?"

"బొమ్మకి చిలుం ఎందుకు పట్టించావు?"

ధనుంజయరావు మజ్జిగ గ్లాసు ఆమె వైపు జరిపాడు.

"వేషాలేసే పిల్లలు తళతళ మెరిసేది కావాలంటారు గానీ పచ్చగా చిలుం పట్టింది కావాలంటారా? గోడలో దొరికినయ్యని మాచర్ల ఎందుకు పంపావు? మా వాడి పేరెందుకు చెప్పించావు?"

అతని మొహంలో నవ్వు పోయింది. గొంతు మాత్రం పెంచలేదు.

"చూడు చెల్లెమ్మా. ఒక మాట చెప్తా, ఇంటికెళ్ళి బావతో ఆలోచించుకో. గ్రూపులో గొడవ మా కుర్రాళ్ళు చూపించారు. ఆ పూణే ఆయన సంగతి నేను చూసుకుంటా. ఎవరినో పట్టుకొని నోరు మూయిస్తా. మీరు గమ్మునుండండి. లేదూ, అరుస్తామంటావా? అచ్చు తియ్యమని బిళ్ళ తెచ్చిచ్చిందే నీ కొడుకని నేనంటా. కాదని ఎట్టా చూపిస్తావు? బిళ్ళ మీ ఇంటిదేగా? బొడిపె మీ ఇంటిదేగా? గ్రూపులో పొగిడి రాసింది మీ వాడేగా? పోలీసులు ఎవరి ఇంటికి ముందొస్తారు?"

  ఆమె బిళ్ళలు తీసి కొంగున కట్టుకుంది. వెళ్ళేటప్పుడు అలవాటుగా "వస్తా అన్నయ్యా" అనేసి, అన్నందుకు తనను తానే తిట్టుకుంటూ రోడ్డు మీదికొచ్చింది.

బస్సు కదిలాక కిటికీ పక్కన కూర్చుని అతని మాటలు ఒక్కొక్కటే మళ్ళీ తలుచుకుంది. రాజీవే తెచ్చిచ్చాడంటాడు. పోలీసులు మన ఇంటికే ముందొస్తారంటాడు. ఆమెకు మెల్లగా ఒక సంగతి అర్థమైంది. అతను చెప్పినదాంట్లో కొత్తది ఒక్కటీ లేదు. నిన్న ఫ్రేము ఊడదీసిన క్షణం నుంచే ఆమె అవన్నీ ఊహించుకుంది. ఇంకా ఘోరమైనవి కూడా ఊహించుకుంది. ధనుంజయరావు అంత తెలివిగలవాడు బాగా ఆలోచించి చెప్పిన బెదిరింపు ఆమె రోజూ తనకు తాను చెప్పుకునే వాటిలో సగం కూడా లేదు.

అతను అనబోయేది ముందు మనమే అనేస్తే? అప్పుడు అతని దగ్గర ఏం మిగులుద్ది?

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే ఆ మాట చెప్పింది. బ్రహ్మయ్య తువ్వాలు విదిలించి భుజాన వేసుకున్నాడు.

"నీకేమైనా పట్టిందా? మన ఇంటి బిళ్ళతోనే దొంగ బిళ్ళలు పుట్టినయ్యని మనమే దండోరా వేసుకోవాలా?"

"అవును. మన ఇంటిదే. బొక్క వేయించింది నేనే. నమ్మి ఫ్రేముకిచ్చింది మీరే. బొడిపె చూసి మోసపోయింది వీడే. మన గురించి ఎవురేం అనగలరో అన్నీ ఒక్కసారే చెప్పేద్దాం. దాచుకుంటేనే కదా ఇంకొకడు దాన్ని పట్టుకొని లాగేది."

"ధనుంజయ ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. ఏం చేస్తాడో నన్నడగండి, రాత్రింబగళ్ళు అదే ఆలోచిస్తన్నా. అన్నీ చేసినా సరే, నా కొడుకు దొంగ అనిపించుకోవడం కంటే నయమే."

రాజీవ్ ఇంకో మాట అన్నాడు. వాడి భయం వేరు. "అమ్మా, బొడిపె ఉంటే దొంగదని నువ్వే చెప్తే, ఇంక మన తాత బిళ్ళని కూడా ఎవరూ అసలుదని నమ్మరు. ఆ దొంగ గుంపులోనే కలిసిపోయిద్ది. ఫొటోలో చూసేవాళ్ళకి తేడా తెలియదు."

ప్రభావతి తాత బిళ్ళను అరచేతిలో పెట్టుకొని చూసింది. ఆ ఇంట్లో అందరికంటే పాతది అది.

"మనకి తెలుసుగా. మనం అమ్ముకునేది కాదుగా. ఆయన యుద్ధం చేసింది ఆయనకి తెలుసు, చాల్లే."

మర్నాడు పొద్దున వెలుతురు బాగున్నప్పుడు పెరట్లో కుర్చీ వేశారు. రాజీవ్ వీడియో తియ్యడానికి ఫోన్ నిలబెట్టి, తెలుగులోనే చెప్పమన్నాడు. కింద ఇంగ్లీషు, హిందీ తాను రాస్తానన్నాడు.  ఆమె మొదటిసారి పేరు చెప్పి ఆగిపోయింది. రెండోసారి గేదె అరిచింది. "ఇంట్లో నన్ను తిట్టేటప్పుడు ఆగకుండా వస్తయిగా మాటలు, అట్టా చెప్పు" అన్నాడు రాజీవ్. "తిట్టించుకునే పనులు చేస్తే వస్తయి" అని ఆమె నవ్వింది. ఆ నవ్వుతో గొంతు తెరుచుకుంది.

"అయ్యా, నా పేరు ప్రభావతి. గురజాల. రాజీవ్ వాళ్ళ అమ్మని. ఈ బిళ్ళ మా తాతగారిది. ఈ కిరీటం కొసన బొడిపె చూడండి. ఇది పటాలం గుర్తు కాదు. నా బిడ్డకి మొలతాడుకి కట్టాలని నేను బొక్క వేయించి, మళ్ళీ పూడ్పించింది. నరసరావుపేటలో ఒకాయన ఫ్రేము కట్టిస్తానని తీసుకెళ్ళి, దీని మీద అచ్చు తీశాడు. ఆయన పేరు పోలీసులు అడిగితే వాళ్ళకి చెప్తా. మీ దగ్గరున్న బిళ్ళకి ఇక్కడ బొడిపె ఉంటే అది దొంగది. అది మా ఇంటి బిళ్ళకి నకలు. వెనక చూడండి, సన్న చిల్లులుంటయి. కొలిస్తే వెంట్రుకంత చిన్నదిగా ఉంటది. నా కొడుకు మోసపోయాడు, మోసం చెయ్యలేదు. కానీ బొడిపె ఉంటే అసలుదని మీకు తప్పు చెప్పాడు. ఆ తప్పు వాడిదే. వాడి దగ్గర కొన్నవాళ్ళకి వాడు జవాబు చెప్పుకుంటాడు. నేను చెప్పింది అబద్ధమైతే మా ఇంటికి రండి, కంసాలిని చూపిస్తా. ఇంకా బతికే ఉన్నాడు."

రాజీవ్ వెంటనే పంపలేదు. ఫోన్ పట్టుకొని ఆమె వైపు చూశాడు. ఆమెకు మళ్ళీ జీపు కనిపించింది, కోర్టు కనిపించింది. నాదెండ్లవాళ్ళు కూడా కనిపించారు. "పంపు" అంది.

మధ్యాహ్నానికి ఫోన్ మోగడం మొదలైంది. ఎవరెవరో తమ బిళ్ళలు ఫొటోలు తీసి పెట్టారు. కోయంబత్తూరులో ఒకాయనకు బొడిపె కనిపించింది. ఆయన కొన్నది రాజీవ్ దగ్గర కాదు, రాజీవ్ ఆ దొంగ బిళ్ళల మొహం చూడకముందే వేరే ఎవరో అమ్మారు. పూణే మేజరు ఫోన్ చేసి, ఈసారి తిట్టకుండా మాట్లాడాడు. తాను గ్రూపులో అన్న మాట వెనక్కి తీసుకుంటానన్నాడు. కోయంబత్తూరాయన, తాను కలిసి ఫిర్యాదు పెడతామని, రాజీవ్ సాక్షిగా రావాలని అడిగాడు. రాజీవ్ వస్తానన్నాడు. ధనుంజయరావు బ్రహ్మయ్యకు ఫోన్ చేశాడు. బ్రహ్మయ్య చాలాసేపు విని, "మా ఆవిడ చెప్పింది నిజమే కదా ధనుంజయా" అని మాత్రం అని పెట్టేశాడు. పెట్టేశాక తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

రాజీవ్ మంచం మీద వెల్లకిలా పడుకొని గట్టిగా ఊపిరి వదిలాడు. "అయిపోయిందమ్మా. గండం గడిచింది."

ప్రభావతి మాత్రం కూర్చోలేదు.

"ఈ రకంవి ఇంకెవురికైనా అమ్మావా?"

వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. 

"ఇంకో ఇద్దరికి. ఒకాయనది కాకినాడ. ఇంకొకాయన జోధ్‌పూర్‌లో పెద్దాయన. వాళ్ళు గ్రూపులో లేరమ్మా. ఈ వీడియో వాళ్ళు చూడరు."

"వాళ్ళకి ఫోన్ చెయ్యి."

"కాకినాడ ఆయనకి చేస్తా. ఆ పెద్దాయనకి మాత్రం వద్దమ్మా. వాళ్ళ నాన్న ఆ పటాలంలోనే చేశాడంట. వాళ్ళ దగ్గర ఆయన వస్తువు ఒక్కటీ మిగల్లేదంట. ఆ బిళ్ళ గోడకి పెట్టి దండ వేసి నాకు ఫొటో పంపాడు. ఆయనకి ఎప్పటికీ తెలియదు. తెలియకపోతే సంతోషంగా ఉంటాడు. ఇప్పుడు పోయి ఏం చెప్పమంటావు?"

ప్రభావతికి ఆ పెద్దాయన కనిపించాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని గుండె పట్టుకొని కూలిపోయాడు. కోడళ్ళు పరిగెత్తుకొచ్చారు. వాడన్నది నిజమేనేమో, వద్దేమో అనిపించింది ఆమెకు. కొంగు వేలికి చుట్టుకుంటూ కాసేపు నిలబడింది.

"ధనుంజయ కొట్లో పోతపోసిన ముక్కకి ఆయన రోజూ దణ్ణం పెడతన్నాడు" అంది. "ఇన్నాళ్ళు నీకు తెలియదు. ఇయ్యాల తెలిసింది. రేపటి నుంచి ఆయన చేత ఆ దణ్ణం పెట్టించేది నువ్వే అవుతావు. చెయ్యిరా. మెల్లగా చెప్పు. ముందు కూర్చోమని చెప్పి, ఆ తర్వాత చెప్పు."

రాజీవ్ లేచి కూర్చున్నాడు. నంబరు నొక్కాడు. ఆమె పక్కనే మంచం పట్టె మీద కూర్చుంది.

వాడేం అంటున్నాడో ఆమెకు తెలియదు. అవతలి గొంతు మొదట ఉత్సాహంగా పలికింది, కొడుకు పేరు కూడా వినిపించింది. తర్వాత వాడొక్కడే మాట్లాడాడు. గొంతు తగ్గించలేదు, తడబడలేదు.   వాడు ఆగిన చాలాసేపటికి ఆ పెద్దాయన ఏదో అడిగాడు. చిన్న మాటే.

రాజీవ్ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టాడు. వాడి కళ్ళు ఎర్రబడ్డాయి.

"దండ తీసెయ్యాలా అని అడుగుతన్నాడమ్మా."

"తియ్యమను. వాళ్ళ నాన్న ఫొటో ఏదైనా ఉంటే దానికి వెయ్యమను. ఫొటో లేకపోతే, నువ్వు తిరిగే ఊళ్ళల్లో ఆ పటాలం అసలు బిళ్ళ ఎక్కడైనా దొరికితే ముందు ఆయనకే పంపుతావని చెప్పు. ఈసారి భూతద్దం పెట్టి చూశాకే."

వాడు చెప్పాడు. అవతల నుంచి మాటలు మళ్ళీ వచ్చాయి, నెమ్మదిగా, చాలాసేపు. తిట్లు మాత్రం కావు. రాజీవ్ వింటూ తలాడించాడు, ఆయనకు కనిపించదని తెలిసినా. ఫోన్ పెట్టేశాక మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి కూర్చున్నాడు.

ప్రభావతి వాడికి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తాగేదాకా ఆగింది.

"ఇప్పుడు కాకినాడ ఆయనకి చెయ్యి" అంది.